ఎత్తుకుంటే నిద్ర, దించితే ఏడుపు

పోయిన నెల బాలింతల తిండి గురించి రాశాక నాకు వచ్చిన ఉత్తరాల్లో తిండి సంగతి అడిగినవి నాలుగే. మిగతావాటిలో చాలావరకు ఒకటే గోస: ‘పిల్ల పగలు పడుకోవడం లేదు, నడుము విరిగిపోతోంది.’ అందుకని ఈసారి పేజీ అంతా దానికే ఇస్తున్నాను. కొత్తగా చదివేవాళ్లకు ఒక మాట. నేను డాక్టర్ను కాను. నల్లగొండ జిల్లాలో సబ్‌సెంటర్లు తిరుగుతూ ముప్పై ఒక్కేళ్లు ఏఎన్‌ఎంగా చేసి రిటైరయ్యాను. మందులూ టెస్టులూ డాక్టర్ను అడగండి. పిల్లను ఒళ్లోంచి చాప మీదికి ఎలా దించాలో నన్ను అడగండి, అది నాకు బాగా తెలుసు.

ప్రశ్న: నర్సమ్మా, మాది హాలియా దగ్గర పల్లె. పురుటికి తల్లిగారింటికి వచ్చాను. పాపకు ఐదు వారాలు. పగలు ఒళ్లో ఉన్నంతసేపు పడుకుంటుంది, చాప మీద దించగానే కళ్లు తెరుస్తుంది. ఎప్పుడైనా దించగలిగినా పదిహేను నిమిషాలకు ఏడుపు. రాత్రి పది నుంచి రెండు దాకా మాత్రం కళ్లు పెద్దవి చేసుకుని ఫ్యాన్‌ను చూస్తూ ఉంటుంది. ‘చేతులకు అలవాటు చేసినవ్, ఇగ నీ పని అయిపోయింది’ అని నాయనమ్మ అంటోంది. నిజంగానే చెడగొట్టానా? పేరు వేయకండి.

జవాబు: నాయనమ్మ మాట ముందు పక్కన పెడదాం. ఐదు వారాల పిల్ల చెడిపోవడానికి ఇంకా చాలా టైముంది బిడ్డా. నీ కడుపులో ఉన్నన్నాళ్లూ నువ్వు నడిస్తే ఊగుతూ పడుకుంది, నువ్వు పడుకుంటే లేచి తన్నింది. ‘రాత్రయితేనే కదులుతుంది’ అని నువ్వూ ఆరో నెలలో ఎవరితోనో అనే ఉంటావు. బయటికి వచ్చాక కూడా కొన్నాళ్లు అదే లెక్క నడుస్తుంది. ఇది పగలు, ఇది రాత్రి అని చెప్పే గడియారం పిల్లల ఒంట్లో పుట్టగానే సరిగా తిరగదు. కుదురుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా 24 గంటల్లో 14 నుంచి 17 గంటలు ముక్కలు ముక్కలుగా పడుకుంటారు. ఒక ముక్క ఇరవై నిమిషాలు ఉండొచ్చు, ఇంకోటి మూడు గంటలు ఉండొచ్చు. రెండూ మామూలే.

నువ్వు రాయలేదు గానీ నేను పందెం కాస్తాను: మీ గది కిటికీకి దుప్పటి కట్టి ఉంది. నేను ఇల్లిల్లూ తిరిగిన రోజుల్లో బాలింత గది గుమ్మంలో నిలబడితే కాసేపు నాకేమీ కనబడేది కాదు. పట్టపగలు పదకొండింటికి చిమ్మచీకటి. గాలి తగలొద్దని తలుపు మూసి ఉండేది, లోపల సాంబ్రాణి పొగ. రాత్రేమో భయానికి ట్యూబ్‌లైట్ తెల్లార్లూ వెలిగేది, పక్కన ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ముచ్చట్లు. పాప పక్కన పడుకుని చూడు. పగలు చీకటి, చప్పుడు లేదు. రాత్రి వెలుగు, సందడి. రాత్రిని పగలు చేసుకోక ఏం చేస్తుంది?

ఆ దుప్పటి తీసెయ్. పొద్దున ఏడింటికల్లా కిటికీ తెరువు. పిల్లను ఎండలో పెట్టనక్కర్లేదు, గదిలోకి వెలుగు వస్తే చాలు. పగటి కునుకులన్నీ ఆ వెలుగులోనే, ఇంటి చప్పుళ్ల మధ్యే కానీ. కుక్కర్ కూత, బర్రె అరుపు, వీధిలో కూరగాయల ఆటో మైకు, ఏదీ ఆపక్కర్లేదు. రాత్రి తొమ్మిది దాటాక మాత్రం జీరో బల్బు ఒక్కటే. పాలివ్వు, తడిగుడ్డ మార్చు, అంతే. మాట్లాడకు, ఆడించకు. పాప నిన్ను చూసి బోసినోరు తెరిచినా సరే నవ్వు ఆపుకో, కష్టమే గానీ. ఇంకో సంగతి కూడా ఉంది. రాత్రిపూట తల్లిపాలలో మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ ఉంటుంది, పగటి పాలలో దాదాపు ఉండదు. అంటే రాత్రి నువ్విచ్చే పాలు కూడా నీకు తోడొస్తాయి. ఇదంతా ఒక్కరోజులో తిరగదు, రెండు మూడు వారాలు పట్టొచ్చు.

సాంబ్రాణి పసిదాని ఊపిరితిత్తులకు మంచిది కాదు. మీ అమ్మ వినకపోతే, తన జుట్టుకు వేరే గదిలో పట్టుకోమను. మూసిన గదిలో నిప్పుల కుంపటి మాత్రం ఎవరు చెప్పినా పెట్టనివ్వకు, అందులోంచి వచ్చే విషవాయువుకు వాసన కూడా ఉండదు.

ఇక అసలు సంగతి. పగలు పిల్లలు పడుకోకపోవడానికి మొదటి కారణం మనం ఆలస్యం చేయడం. ఈ వయసు పిల్ల ఒకసారి లేస్తే ముప్పావు గంట, మహా అయితే గంట మేలుకుని ఉండగలదు, పాలు తాగే టైముతో కలిపి. ఒకసారి మునుగోడు వైపు ఒక ఇంట్లో ఇరవై ఒకటో రోజు తొట్టెలకు వెళ్లాను. పాప మేనత్త చేతిలోంచి పెద్దమ్మ చేతికి, ఆమె చేతిలోంచి పక్కింటావిడ చేతికి పోతోంది. నాకు పనేమీ లేక లెక్కపెట్టాను. మూడో చేతిలో ఉండగా పాప ఆవులించింది. ఐదో చేతిలో ముఖం పక్కకు తిప్పుకుంది, కనుబొమ్మల దగ్గర ఎర్రబడింది. తొమ్మిదో చేతిలో పిడికిలి బిగించి చెవి రుద్దుకుంది. పద్నాలుగో చేతిలో గుక్కపట్టింది. ‘దిష్టి తగిలింది’ అని ఉప్పూ మిరపకాయలూ తెచ్చారు. దిష్టి తియ్యండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ పిల్ల పదకొండు చేతుల ముందు నుంచే నిద్రొస్తోందని చెబుతోంది.

కాబట్టి మొదటి ఆవులింత చూడగానే పాపను తీసుకుని లోపలికి వెళ్లిపో. చూడవచ్చినవాళ్లు ఏమైనా అనుకుంటే అనుకోనీ. ఏడుపు మొదలయ్యాక పడుకోబెట్టడం, పొంగిన పాలను గిన్నెలోకి ఎత్తడం లాంటి పని.

నిద్ర పట్టగానే దించకు. కొత్త పిల్లల నిద్ర పైపై నిద్రతో మొదలవుతుంది. రెప్పల కింద కళ్లు కదులుతుంటాయి, పెదవులు చప్పరిస్తుంటాయి, ఊపిరి ఒక తీరున ఉండదు. అప్పుడు దించితే లేవడం ఖాయం. పదిహేను ఇరవై నిమిషాలు ఆగు. తర్వాత పాప ముంజేతిని రెండు వేళ్లతో కొంచెం పైకెత్తి వదులు. తడిగుడ్డలా జారిందా, గట్టి నిద్రే. చెయ్యి బిగుసుకుందా, ఇంకో ఐదు నిమిషాలు కూర్చో. దించేటప్పుడు మొదట పిర్రలు చాపకు ఆనాలి, తర్వాత వీపు, అన్నిటికన్నా చివర తల. చాలామంది తల ముందు వాలుస్తారు. అప్పుడు పిల్లకు ఎక్కడి నుంచో పడిపోతున్నట్టు ఉంటుంది, రెండు చేతులూ బారచాపి ఉలిక్కిపడుతుంది. ఆ ఉలికిపాటు నాలుగు నుంచి ఆరు నెలల్లోపు దానంతటదే పోతుంది. దించగానే చేతులు లాక్కోకు. ఒక అరచెయ్యి ఛాతీ మీద బరువు పడకుండా ఉంచి, పది ఊపిరులు లెక్కపెట్టి, అప్పుడు తియ్యి. పడుకోబెట్టడం ఎప్పుడూ వెల్లకిలానే. బోర్లా వద్దు, పక్కకు తిప్పీ వద్దు.

పదిహేను నిమిషాలకు మూలిగిందనుకో, వంటింట్లోంచి పరుగెత్తకు. ఈ పిల్లలు నిద్రలోనే మూలుగుతారు, ముక్కుతారు, కాళ్లు ముడుస్తారు. కళ్లు మూసే ఉంటే ఒక నిమిషం చూడు. నిజంగా ఏడిస్తే ఎత్తుకో, ఆ కునుకు అంతటితో అయిపోయిందనుకో. రోజు మొత్తంలో ఒక్క కునుకు కింద పడుకుంటే ఈ నెలకు చాలు. పొద్దున మొదటిది తేలిక, దానితో మొదలుపెట్టు. మిగతావి ఒళ్లోనే కానీ.

ఒళ్లో పడుకోబెట్టుకోవడానికి ఒక్కటే షరతు, నీకు నిద్ర రాకూడదు. మా పెద్దోడు రెండు నెలల పిల్లగా ఉన్నప్పుడు, రాత్రంతా ఒక కాన్పు చూసి వచ్చి, మధ్యాహ్నం నులక మంచం మీద గోడకు ఆనుకుని వాణ్ని ఛాతీ మీద వేసుకున్నాను. ఊరికే కళ్లు మూసుకున్నాననుకున్నాను. తెరిచేసరికి వాడు నా మీద లేడు. మంచానికీ గోడకూ మధ్య సందులోకి జారి, నా కొంగులో చిక్కుకుని వేలాడుతున్నాడు. ముఖం బయటికి ఉంది కాబట్టి సరిపోయింది. ఊరందరికీ జాగ్రత్తలు చెప్పే నేను ఆ సంగతి మా ఆయనకు పదేళ్ల దాకా చెప్పలేదు. నీ రెప్పలు బరువెక్కుతుంటే పాపను కింద దించు, లేచి ఏడ్చినా సరే. లేదా మీ అమ్మ చేతికివ్వు.

ప్రశ్న: అమ్మా, మాది గద్వాల దగ్గర. ఇంట్లోనే గుంట మగ్గం. నేను నేస్తుంటే బాబు హాయిగా పడుకుంటాడు, అన్నానికి లేస్తే లేచి ఏడుస్తాడు. నెలన్నర పిల్లవాడు. ఈ చప్పుడుకు చెవులు పాడవుతాయని మా బావమరిది భయపెడుతున్నాడు.

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం చదివి గట్టిగా నవ్వుకున్నాను. మీ ఆవిడ నిండు నెలల్లో కూడా పక్కన కూర్చుని కండెలు చుట్టే ఉంటుంది, అవునా? మరి మీవాడు కడుపులో ఉన్నప్పటి నుంచే ఆ మగ్గం వింటున్నాడు. కడుపులో కూడా నిశ్శబ్దమేమీ ఉండదు. తల్లి రక్తం పారే హోరు, గుండె చప్పుడు, పేగుల గుడగుడ, అన్నీ ఉంటాయి. ఒకే లయలో సాగే చప్పుడు పిల్లల్ని నిద్రపుచ్చుతుంది, అది తటాలున ఆగిపోతే లేపుతుంది. పట్నంలో వాళ్లు దీనికే ఫోన్‌లో వాన చప్పుడు పెట్టుకుని పిల్ల చెవి దగ్గర ఉంచుతున్నారు. దానికన్నా నీ నాడె మేలు.

బావమరిది మాట కూడా పూర్తిగా తీసెయ్యకు. మగ్గం ఆడుతుండగా తొట్టెల దగ్గర ఎవరైనా నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే పక్కనున్న మీ ఆవిడకు వినబడాలి. గొంతు పెంచాల్సి వస్తోందంటే తొట్టెలను అవతలి గోడకు జరుపు. నూలు దుమ్ము పడే చోట ఎటూ ఉంచకూడదు. అన్నానికి లేచే ముందు మీ ఆవిణ్ని పిలువు. నువ్వు ఇంకా నేస్తుండగానే ఆమె బాబు తొడ మీద అదే లయలో జోకొట్టడం మొదలుపెట్టాలి. నువ్వు ఆపాక కాసేపు ఆమె చెయ్యి ఆగకుండా ఉంటే వాడికి తేడా తెలియదు. కొన్నిసార్లు తెలుస్తుంది, ఆ రోజు అన్నం చల్లారుతుంది.

ప్రశ్న: ఊరూ పేరూ వద్దు, పాలమూరు జిల్లా అని వేయండి. మా అత్తగారింట్లో చంటిపిల్ల ఏడిస్తే కల్లులో వేలు ముంచి నాకిస్తారు. ‘నీ మొగుణ్ని గూడ అట్లనే పెంచిన’ అంటుంది మా అత్త. పోయిన ఆదివారం ఇస్తే బాబు నాలుగు గంటలు కదలకుండా పడుకున్నాడు. తప్పా అక్కా?

జవాబు: తప్పే. వాడు పడుకోలేదు చెల్లే, మత్తులో ఉన్నాడు.

చెట్టు నుంచి అప్పుడే దించిన కల్లయినా పసిపిల్ల నోటికి తగలకూడదు. పైగా ఇప్పటి కల్లు సంగతి మీ జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, ఆల్ప్రాజోలం కలిపి అమ్ముతూ పట్టుబడిన కేసులు ఏళ్లుగా వస్తూనే ఉన్నాయి. అది తాగి పెద్దవాళ్లే మెడలు వాల్చేసి ఆస్పత్రిలో చేరుతున్నారు. నాలుగు కిలోల పిల్లకు ఊపిరి మందగిస్తే ఎవరూ గమనించరు, ‘హాయిగా పడుకున్నాడు’ అంటారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చే జలుబు సిరప్ కూడా అంతే, నిద్ర కోసం ఒక్క చుక్క వేయొద్దు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, నీళ్లు కూడా అక్కర్లేదు. మళ్లీ ఎవరైనా ఇస్తే, బాబు లేపినా లేవకపోయినా, ఊపిరి నెమ్మదించినట్టు అనిపించినా 108కి ఫోన్ చెయ్యి. ఏం ఇచ్చారో దాచకుండా చెప్పు, దాని మీదే వైద్యం ఉంటుంది.

అత్తతో నువ్వొక్కదానివే గొడవకు దిగకు, ఓడిపోతావు. ఆశా కార్యకర్త కాన్పయిన 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. ఈసారి వచ్చినప్పుడు మీ అత్త పక్కన ఉండగా, ఏమీ తెలియనట్టు ‘కల్లు నాకిస్తే మంచిదేనా’ అని అడుగు. మిగతాది ఆమె చూసుకుంటుంది. నేను అలాంటి ప్రశ్నలకు చాలా ఇళ్లలో జవాబు చెప్పాను, ఎవరు అడగమన్నారో ఎప్పుడూ బయటపెట్టలేదు.

ప్రశ్న: చెల్లే, నాకు అరవై ఎనిమిదేళ్లు, ఆరుగురిని పెంచిన. మనుమరాలికి నెల. చీర తొట్టెల కట్టి ఆవాల దిండు పెట్టి పడుకోబెడితే కోడలు ఫోన్‌లో ఏదో చూసి రెండూ వద్దంటోంది. తల గుండ్రంగా రావద్దా? వనపర్తి నుంచి.

జవాబు: అక్కా, ఆరుగురిని పెంచిన చేతులకు దండం. అయినా దిండు విషయంలో నా ఓటు కోడలికే. నెల పిల్లకు మెడ నిలబడదు. ముఖం దిండులోకి ఒరిగితే తిప్పుకోలేదు, ముక్కు మూసుకుపోతుంది. ఏడాది నిండేదాకా పక్కలో ఏ దిండూ వద్దు, మెత్తటి బొంతలూ బొమ్మలూ కూడా వద్దు. గట్టి పరుపో, చాప మీద దుప్పటి మడతో చాలు. తల గుండ్రానికి ఉపాయం చెబుతాను. ఒక కునుకుకు తల కుడివైపు తిప్పి ఉంచు, తర్వాతి కునుకుకు ఎడమవైపు. మేలుకుని ఉన్నప్పుడు రోజుకు రెండు మూడుసార్లు, కాసేపే, నీ ఒళ్లో బోర్లా వేసుకుని కబుర్లు చెప్పు. కూర్చోవడం వచ్చేసరికి చాలామంది పిల్లలకు తల తనంతట తానే సర్దుకుంటుంది.

చీర తొట్టెల దగ్గర మీ ఇద్దరికీ సగం సగం. నాకు తొట్టెల అంటే ఇష్టమే. కలుపు తీతల రోజుల్లో చేను గట్టున వేపచెట్టుకు కట్టిన తొట్టెలల్లో ఎంతమందికి చుక్కలు వేశానో. కానీ చీర మధ్యలో పల్లమవుతుంది, పిల్ల గడ్డం ఛాతీకి ఆనుతుంది, గొంతులో గాలి దారి సన్నబడుతుంది. అందుకని ఊపి నిద్రపుచ్చడానికి వాడుకో, నిద్ర పట్టాక చాప మీదికి మార్చు. ఊపినంతసేపూ ఎదురుగా నువ్వుండాలి. రెండువైపులా అడ్డకర్ర పెట్టి చీర విచ్చుకునేలా కట్టు, నేలకు జానెడు ఎత్తులోనే ఉండనీ. పాత నారాయణపేట నూలు చీరైతే గాలాడుతుంది, పాలిస్టర్ జారుతుంది. ఇంట్లో నాలుగైదేళ్ల పిల్లలుంటే పని కాగానే విప్పేసి దాచు. పెద్దపిల్లలు అందులో గిరగిరా తిరిగి మెడకు బిగించుకున్న సంఘటనలు ఉన్నాయి.

ప్రశ్న: మాది దేవరకొండ పక్క తండా, రేకుల ఇల్లు. ఎండలకు పాప మధ్యాహ్నం అసలు నిద్రపోదు. చలువ చేస్తుందని కూలర్ ఎదురుగా వేయొచ్చా? టోపీ, సాక్సు ఉంచాలా?

జవాబు: టోపీ, సాక్సు తీసెయ్యి తల్లీ, ఏప్రిల్ మే నెలల్లో ఈ జిల్లాలో అవి పెద్దవాళ్లమే వేసుకోలేం. పలచటి నూలు చొక్కా ఒక్కటి చాలు. పాప మెడ వెనక వేలు పెట్టి చూడు, చెమ్మగా వేడిగా ఉంటే బట్ట ఎక్కువైనట్టు. చేతులు చల్లగా ఉన్నాయని గుడ్డలు చుట్టొద్దు, పసిపిల్లల చేతులు చల్లగానే ఉంటాయి. కూలర్ ఉంటే గోడ వైపు తిప్పు, కిటికీ తెరిచి ఉంచు, గాలి నేరుగా ముఖానికి కొట్టకూడదు. ఫ్యాన్ ఎప్పుడూ ఉండాలి. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా రేకుల కింద కాకుండా వాకిట్లో చెట్టు నీడ ఉంటే అక్కడ పడుకోబెట్టి దోమతెర వేయి, పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. కుక్కలున్నాయి, చీమలున్నాయి. నీళ్లు తాగించొద్దు, రొమ్ము ఎక్కువసార్లు ఇవ్వు. నువ్వు మాత్రం నీళ్లు బాగా తాగు.

ప్రశ్న: సూర్యాపేట నుంచి. యాప్‌లో రెండు నెలల పాపకు రోజుకు నాలుగు నిద్రలు, ఒక్కోటి గంటన్నర అని చూపిస్తోంది. మా పాప ఏడుసార్లు అరగంట అరగంట పడుకుంటోంది. రోజూ ఎర్ర గుర్తు వస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది మేడమ్.

జవాబు: ఆ యాప్ మీ పాపను ఎప్పుడైనా చూసిందా? పాప పాలు బాగా తాగుతోందా, రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చ పోస్తోందా, బరువు పెరుగుతోందా? మూడింటికీ అవునైతే యాప్ తీసెయ్యండి. అరగంట కునుకులు నాలుగైదు నెలల తర్వాతే కలిసి పెద్దవవుతాయి, కొందరికి ఇంకా ఆలస్యం.

ప్రశ్న: అందరూ పిల్లలు పడుకోరని బాధపడతారు, మా పాప అందుకు పూర్తిగా తేడా సిస్టర్. తొమ్మిది రోజులు. పొద్దంతా నిద్రే. పాలకు లేపినా రెండు గుటకలు వేసి మళ్లీ పడుకుంటుంది. మంచి పిల్ల అని అందరూ మురిసిపోతున్నారు. ఇలా ఉండొచ్చా?

జవాబు: ఈ ఉత్తరం ఇక్కడ వేస్తున్నాను గానీ జవాబు పత్రిక కోసం ఆగలేదు. చివర ఫోన్ నంబర్ ఉంటే ఆ సాయంత్రమే చేశాను. ‘పాప కళ్లలో తెలుపు ఎలా ఉంది’ అని అడిగాను. ‘పసుపు రాసి తానం పోయిస్తున్నాం కదా’ అన్నారు. ఒంటికి పసుపు రాస్తే కళ్లలో తెలుపు పచ్చబడదు. ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లారు, కామెర్లు. రెండు రోజులు నీలి లైటు కింద ఉంచారు. ఇప్పుడు పాప లేచి గొంతెత్తి ఏడుస్తోందని మొన్న ఫోన్ చేసి చెప్పారు, ఆ ఏడుపు నాకూ వినిపించారు.

కొత్త పిల్ల రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగాలి. పుట్టిన బరువు మళ్లీ అందుకునేదాకా, అంటే సుమారు రెండు వారాలు, మూడు గంటలు దాటి పడుకుంటే లేపి మరీ ఇవ్వాలి. అరికాలు గిల్లండి, తడిగుడ్డ మార్చండి, చొక్కా విప్పండి. అయినా లేవకపోతే, పాలు వదిలేస్తే, పచ్చగా ఉంటే, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తుంటే, ఒళ్లు 100.4 డిగ్రీలు దాటినా లేక మంచులా చల్లబడినా ఏ కాలమ్‌కూ ఉత్తరం రాయొద్దు. ఆ గంటలోనే ఆస్పత్రి.

ప్రశ్న: నర్సమ్మా, రెండు నెలల కింద మీకు ఏడుస్తూ రాసిన మిర్యాలగూడ అమ్మాయిని. మీరు చెప్పినట్టు చేశాం. ఇప్పుడు బాబు మధ్యాహ్నం రెండున్నర గంటలు పడుకుంటున్నాడు. కానీ నాకు భయమేసి మాటిమాటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను. ఒక్కోసారి ఊపిరి ఆగి మళ్లీ వస్తున్నట్టుంది. దీనికేం చేయాలి? ఇట్లు మీ బిడ్డ, అల్లుడు.

జవాబు: నేనూ పెట్టి చూసేదాన్ని, నర్సునై ఉండి. చిన్నపిల్లలు నిద్రలో గబగబా ఊపిరి తీసి, ఐదారు సెకన్లు ఆపి, మళ్లీ తీస్తారు. మొదటి నెలల్లో అది మామూలే. ఇరవై సెకన్లు దాటి ఆగినా, పెదాలు నీలంగా మారినా మాత్రం వెంటనే ఆస్పత్రికి. వేలు పెట్టకు, లేస్తాడు. పక్కన నిలబడి పొట్ట పైకీ కిందికీ కదలడం చూడు చాలు.

‘బాబు పడుకున్నప్పుడు నువ్వూ పడుకో’ అని అందరూ చెప్పే ఉంటారు. ఆ బకెట్లో గుడ్డలు ఎవరు ఉతుకుతారో ఒక్కరూ చెప్పరు. ఉత్తరం కింద మీ ఆయన కూడా సంతకం పెట్టాడు కదా, వాటిని ఆయనకు అప్పజెప్పు. మొదటి రోజు సబ్బు నురగ సరిగా పోదు, రెండోసారి జాడించమను.